ఏ కాలు ముందు

ఆ ఏడు మా ఇంట్లో నాకు తప్ప అందరికీ తలుపులున్నాయి. పడగ్గది మావారి ఆఫీసు. రెండో గది మా అమ్మాయి రీతు బడి. హాలూ వంటిల్లూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన చోటు నాది. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు దాన్ని ఓపెన్ కిచెన్ అని గొప్పగా చూపించారు. అంటే జర్మనీలో ఈ బ్యోబ్లింగెన్‌లో తాలింపు వేస్తే బెంగుళూరు మీటింగులో ఆవాలు చిటపటలాడతాయని అర్థం. "లతా, మిక్సీ ఆపు, కస్టమర్ లైన్లో ఉన్నాడు" అని మావారు హేమచంద్ర తలుపు సందులోంచి చెయ్యి ఊపేవారు. పోనీ రోట్లో నూరుకుందామంటే కింద వాటా పెద్దాయన చీపురు కర్రతో తన కప్పు మీద, అంటే నా నేల మీద పొడిచేవాడు. రెండో లాక్‌డౌను ముగిసేసరికి నేను ముద్దపప్పూ పెరుగూ తప్ప చప్పుడు చేసే వంటలన్నీ మానేశాను.

డాక్టర్ కమలగారికి ప్రతి గురువారం పప్పు గిన్నె తీసుకెళ్లి గుమ్మం దగ్గర పెట్టి, మెట్ల మీద దూరంగా నిలబడి రెండు మాటలు మాట్లాడి వచ్చేదాన్ని. ఆవిడ పంతొమ్మిదివందల డెబ్బై నాలుగులో తెనాలి నుంచి ఇక్కడికొచ్చారు. నలభై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో మత్తుమందు ఇచ్చి రిటైరయ్యారు. ఒక గురువారం గిన్నె అందుకుని నన్ను ఎగాదిగా చూశారు.

"అమ్మాయ్, గొంతుకేమైంది? గుసగుసగా మాట్లాడుతున్నావేం?"

"అబ్బే, ఏం లేదండీ."

"ఇది మెట్లమీద. ఇక్కడ ఎవరికీ మీటింగులు లేవు. మామూలుగా మాట్లాడు."

ప్రయత్నించాను. మామూలు గొంతు రాలేదు. ఏడాదిగా వాడకపోతే కుట్టుమిషను కూడా బిగుసుకుపోతుంది.

"ఈత వచ్చా?"

"వచ్చు. కాలవలో నేర్చుకున్నాను."

"శనివారం నాతో నెకార్‌కి రా. నది మీద ఎంత అరిచినా ఎవరూ చీపురు పుచ్చుకోరు."

ఆవిడ ముప్పై ఏళ్లుగా నది ఒడ్డున ఒక పడవల క్లబ్బులో సభ్యురాలు. ఆ క్లబ్బులో కొత్తగా అందరికీ పట్టుకున్న ఆట వేక్‌సర్ఫింగ్. పడవ వెనకాల లేచే అల మీద బల్లేసుకుని నిలబడాలి. మొదట తాడు పట్టుకుంటారు. కాస్త నిలదొక్కుకున్నాక తాడు పడవలోకి విసిరేసి, ఒట్టి చేతులతో, ఆ అల తోసుకుపోతుంటే పోతూ ఉంటారు. పడవ కమలగారు నడుపుతారట. కానీ ఒక చిక్కు. వెనక్కి తిరిగి కూచుని, నీళ్లలో ఉన్న మనిషిని కన్నార్పకుండా చూసేవాళ్లొకరు పడవలో ఉండాలి. అది రూలు. అప్పట్లో రెండిళ్లవాళ్లకి మించి కలవకూడదు. అది ఇంకో రూలు. కమలగారు ఒక ఇల్లు. కాబట్టి ఆ చూసే మనిషి మా ఇంట్లోంచే రావాలి.

ఇరవై ఒక్కేళ్ల కాపురంలో మావారు నన్ను ఎడతెగకుండా చూస్తూ కూచోవాలని మొట్టమొదటిసారి జర్మనీ ప్రభుత్వం ఆదేశించింది.

"శనివారాలా?" అన్నారాయన, ఎవరో జీతం కోస్తున్నట్టు.

"ఉత్తినే కూచోవడమేనండీ. నేను పడిపోతే పడిందని చెప్పాలి, అంతే."

"అది చెప్పగలను," అన్నారు. ఆ భరోసా నాకంత నచ్చలేదు.

*

మొదటి శనివారం ఒడ్డు మీదే గడిచింది. నది చల్లగా, ఆకుపచ్చగా, ఎవరినీ పట్టించుకోకుండా పోతోంది. బల్ల ఎక్కే ముందు ఏ కాలు ముందుంటుందో తేల్చాలన్నారు కమలగారు. ఎడమకాలు ముందు పెట్టేవాళ్లని రెగ్యులర్ అంటారట. కుడికాలు ముందైతే గూఫీ.

"గూఫీ అంటే తిక్కమేళమని కదూ?" అన్నారు మావారు ఆసక్తిగా.

"పేరుదేముందయ్యా. కాలుని బట్టి అల ఏ పక్కన లేపాలో నాకు తెలియాలి. అల మనిషి ముఖానికి ఎదురుగా ఉండాలి, వీపు వైపు కాదు. కుడికాలు వాళ్లకి పడవ కుడిపక్కన నీళ్ల సంచులు నింపి బరువు పెడతాను. ఎడమకాలు వాళ్లకి ఎడమపక్కన. అమ్మాయ్, కళ్లు మూసుకుని నిలబడు. వెనకనుంచి తోస్తే ఏ కాలు ముందుకి పడితే అదే. నేను ముట్టుకోకూడదు, వేరే ఇంటిదాన్ని. హేమచంద్రా, నువ్వు తొయ్యి."

"లతా, తోస్తున్నా," అని ముందుగా చెప్పి మరీ తోశారు మావారు. మర్యాదస్తుడు.

తొయ్యబోతున్నారని తెలిశాక నేను ఏ కాలు వేస్తాను? కుడికాలే వేశాను. అత్తారింట్లోకి కుడికాలు, అద్దింట్లోకి కుడికాలు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం దిగేటప్పుడు వెనక రెండొందల మంది కదలక నిలబడితే కాళ్లు మార్చుకుని మరీ కుడికాలు. మొన్నటికి మొన్న టీకా కేంద్రంలోకి కూడా కుడికాలు పెట్టే వెళ్లాను.

"కుడి," అన్నారు కమలగారు. మావారు ఫోన్లో రాసుకున్నారు. ముగ్గురం తెలుగువాళ్లమే. ఒక్కరికీ అనుమానం రాలేదు.

తర్వాత బల్ల. క్లబ్బులో ఉన్నవన్నీ మగవాళ్లకి కొన్నవి, నాకంటే పొడుగు. సొంతది చూసుకోమన్నారు కమలగారు. మావారు ఆ రాత్రికే ఎక్సెల్ షీటు తెరిచారు. ఎత్తు, బరువు, చెప్పుల సైజు, ఆఖరి గడిలో 'రైడింగ్ స్టైల్'.

"నీ స్టైలేంటి?" అని అడిగారు సీరియస్‌గా.

"ఇంకా బల్లే ఎక్కలేదు కదండీ."

"సరే, రిలాక్స్‌డ్ అని వేస్తున్నా. బరువు?"

"అరవై రెండు," అన్నాను. అది కరోనాకి ముందు మాట. కరోనాలో మైసూర్‌పాకు చప్పుడు లేకుండా చేయొచ్చని కనిపెట్టాను. ఆ తర్వాత సంగతులు షీటుకి అనవసరం.

అప్పుడు షాపుల్లోకి టెర్మిన్, అంటే ముందే తీసుకున్న టైము, ఉంటేనే, అదీ ఒక్కొక్కరినే రానిచ్చేవారు. నేను లోపలికి, మావారు అద్దం బయట. నెరిసిన జుట్టుతో ఉన్న ఆవిడ మాస్కులోంచి నన్ను మీరెలా నడుపుతారని అడిగింది. జర్మన్లో కారు నడపడానికీ అల మీద పోవడానికీ ఒకటే మాట.

"నాకు లైసెన్సు లేదండీ," అన్నాను.

ఆవిడ నవ్వి మూడు బల్లలు వరసగా నిలబెట్టింది. మొదటిది మందంగా, పొడుగ్గా, కింద పెద్ద రెక్కలతో ఉంది. బరువు మోస్తుంది, అల పట్టు తప్పినా మళ్లీ దాని మీదికి తోసుకెళ్తుంది, కానీ గింగిరాలు తిరగదు. మూడోది అప్పడంలా పల్చగా, చిన్న రెక్కతో ఉంది. అది గిర్రున తిరుగుతుంది, జారుతుంది, వేషాలు వేస్తుంది. రెండోది అటూ ఇటూ కానిది.

"మీకేం చేయాలనుంది? తిరగాలనా, దూరం పోవాలనా?"

అలాంటి ప్రశ్న నన్నెవరూ అడిగి ఎన్నాళ్లయిందో. ఆలోచిస్తూ మొదటిదాని మీద చెయ్యి వేశాను. అద్దం టకటకా మోగింది. మావారు ప్రింటు తీసిన షీటు అద్దానికి అతికించి, అరవై రెండు కిలోలకి ఎదురుగా ఉన్న గడిని వేలితో పొడుస్తున్నారు. నాలుగడుగుల నాలుగంగుళాలు, పల్చటిది.

నేను చెప్పిన అబద్ధమే అద్దం అవతల నిలబడి వేలు చూపిస్తుంటే ఏం వాదించను? పల్చటిదే తెచ్చుకున్నాను.

*

మే నెలంతా పడ్డాను. జూన్లో ఇంకా బాగా పడ్డాను.

తాడు లాగుతుంటే లేచేదాన్ని. లేచీ లేవగానే బల్ల కాళ్లకింద మునిగేది, మోకాళ్లు వేరెవరివోలా అడ్డం తిరిగేవి, నెకార్ ముక్కులోకి దూరేది.

"పడింది!" అనేవారు మావారు.

కమలగారు పడవ తిప్పేవారు. మళ్లీ తాడు. మళ్లీ లేవడం.

"పడింది!"

"కాస్త ఆగి చెప్పకూడదూ? ఇంకా గాల్లోనే ఉన్నాను!" అని నీళ్లలోంచి అరిచాను ఒకసారి. అరిచాక ఉలిక్కిపడ్డాను. అది నా పాత గొంతు. అవతలి ఒడ్డున బాతులు లేచిపోయాయి. మావారు పడవ అంచు పట్టుకుని నన్ను అలాగే చూస్తుండిపోయారు. చూడటం ఎలాగూ డ్యూటీయే కదా.

ఆ రోజు నుంచి శనివారాల కోసం వారమంతా ఓర్చుకునేదాన్ని. పడటం కోసమైనా సరే.

"ఈ బల్ల నీకు చిన్నదేమో అమ్మాయ్," అని కమలగారు రెండుసార్లు అన్నారు.

"షీటు ప్రకారం సరిపోయిందండీ," అన్నాను రెండుసార్లూ.

జూన్ ఆఖర్న క్లబ్బు కార్యదర్శి ఫ్రావ్ వెంట్సెల్ ఒడ్డున మమ్మల్ని ఆపింది. చేతిలో ఫైలు, ముఖంలో ఎప్పుడూ ఉండే తీరిక లేనితనం. నాలాంటి ట్రయల్ సభ్యులకి ఈ సీజను వరకేనట. సెప్టెంబరు ఆఖరి ఆదివారంలోగా నీళ్లలో తేలే పసుపు బోయా నుంచి రైలు వంతెన దాకా, తాడు లేకుండా, ఒక్కసారైనా నిలబడి వెళ్లి చూపించాలి. నాలుగొందల మీటర్లు, నిమిషంన్నర. లేకపోతే ఆ చోటు లిస్టులో తర్వాతివాళ్లకి పోతుంది.

"లిస్టులో ఎంతమందున్నారు?"

"ముప్పై ఎనిమిది," అంది, ఒక్కొక్కరూ వాళ్లింటి సోఫాలో కూచుని ఎదురు చూస్తున్నట్టు.

అప్పటికి నా రికార్డు నాలుగు సెకన్లు.

తిరిగొస్తుంటే కారులో మావారు మెల్లగా అన్నారు. "పోనీలే లతా. ప్రయత్నం చేశావు. వచ్చే ఏడు యోగా ఏదైనా ఆన్‌లైన్లో..."

"ఆన్‌లైన్లో వద్దు."

"ఇంట్లోనే, హాయిగా..."

"ఇంట్లో అసలే వద్దు," అన్నాను. నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆయన గేరు మార్చుకుని రోడ్డు చూశారు.

*

జులైలో ఒకటే వానలు. నది బురదరంగుకి తిరిగి గట్టు దాకా వచ్చింది. మూడు వారాలు పడవ దింపనివ్వలేదు. నేను ఊలు మేజోళ్లు వేసుకుని ఇంట్లో తిరుగుతూ, క్యాలెండరులో శనివారాలు లెక్కపెడుతూ ఉన్నాను.

ఒక సాయంత్రం మావారు మీటింగులో ఉన్నారు. నేను బాల్కనీలో తడిబట్టలు లోపలికి తెస్తున్నాను. పొయ్యిమీద పాలు పొంగుతున్న వాసన వచ్చింది. పరిగెత్తితే కింద పెద్దాయన చీపురు. నాలుగడుగులు గబగబా వేసి, నున్నటి చెక్కనేల మీద మేజోళ్లతో జర్రున జారాను. హాలంతా దాటి, టేబులు మూల తప్పించుకుని, సరిగ్గా పొయ్యి ముందు ఆగి గ్యాసు కట్టాను. చుక్క పాలు ఒలకలేదు.

రీతు సోఫాలోంచి తల ఎత్తింది. "అమ్మా, నోఖ్‌మాల్."

మళ్లీ చెయ్యమంటోంది. "ఎందుకే?"

"జస్ట్ డూ ఇట్. పాలున్నాయి అనుకో."

మళ్లీ జారాను.

"ఎడమకాలు ముందుంది," అంది రీతు. "రెండుసార్లూ. యూ ఆర్ నాట్ గూఫీ."

కిందికి చూసుకున్నాను. నిజమే. ఎడమకాలు పెద్దకోడలిలా ముందు నిలబడి ఉంది. కుడిది వెనక ఒదిగి ఉంది.

"మరి ఒడ్డున తోసినప్పుడు కుడికాలు ఎందుకు పెట్టావ్?"

"కొత్త చోటికి వెళ్తే కుడికాలే కదే పెట్టాలి."

"ఎవరు చెప్పారు?"

"మా నాయనమ్మ."

"నాయనమ్మ వేక్‌సర్ఫ్ చేసేదా?"

ఆవిడ గోదావరి దాటడానికి లాంచీ ఎక్కేది. అదీ కుడికాలు పెట్టే.

కమలగారికి ఫోన్ చేశాను. లైను కట్టయిందనుకున్నాను. నవ్వుతున్నారు.

"నా తప్పే. నువ్వు కుడికాలు వేస్తే, ఇంకే కాలు వేస్తుంది అనుకున్నా. నలభై ఏడేళ్ల కింద నేనూ ఇక్కడ అలాగే దిగాను. లేవగానే నీ ఒళ్లు దానంతటది ఎడమకాలికి తిరిగిపోతుంటే, రెండు నెలలు అలని నీ వీపు వెనకాల లేపాను కదే, పిచ్చిదానా! ఆ నాలుగు సెకన్లైనా ఎలా నిలబడ్డావో."

"ఇంకోటి కూడా ఉందండీ. బరువు..."

"డెబ్బై ఒకటి."

ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసుకున్నాను. వీడియో కాల్ కాదు.

"మనిషిని చూసి బరువు కట్టి మందివ్వడం నా వృత్తి. ఎక్కువ తప్పితే మనిషి లేవదు. నువ్వు చెబుతావని ఎదురుచూస్తున్నా."

"మావారి షీటులో అరవై రెండని ఉంది."

"షీటు నీళ్లలోకి దిగదుగా," అన్నారు కమలగారు.

ఆగస్టు మొదటివారం ఒక్కదాన్నే రైలెక్కి షాపుకెళ్లాను. షాపావిడ గుర్తుపట్టింది. పాత బల్ల వెనక్కి తీసుకుంటానంది. డెబ్బై ఒక్క కిలోలు అన్నాను. ఎడమకాలు ముందు అన్నాను. ఎవరి వైపూ చూడకుండా మందపాటిదాని మీద చెయ్యి వేశాను.

"తిరగడం కుదరదు దీంతో," అని గుర్తుచేసింది.

"ఇంట్లో తిరుగుతూనే ఉన్నానండీ. దూరం పోవాలి."

తిరుగు రైల్లో ఒక ముసలమ్మ గుడ్డసంచిలో ఉన్న అయిదడుగుల బల్లని చూసి, ఇస్త్రీ బల్లా అని అడిగింది. అవునన్నాను. ఎక్కడ కొన్నానో కూడా చెప్పాను.

ఇంట్లో మావారు బల్లని, నన్ను, మళ్లీ బల్లని చూశారు. "షీటులో ఇది లేదే."

"షీటులో నేను కూడా లేనండీ," అన్నాను. అప్పుడు బరువు సంగతి చెప్పాను. ఆయన లోపలికెళ్లి చాలాసేపు కంప్యూటరు ముందు కూచున్నారు. తర్వాత చూస్తే షీటు తీసేశారు.

*

ఎడమకాలు ముందు పెట్టి బల్ల ఎక్కిన మొదటి రోజు మనసు ఒప్పుకోలేదు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, నీళ్లలో ఉండగానే నాయనమ్మకి సారీ చెప్పుకున్నాను. తాడు లాగింది. లేచాను. అల నా ముఖానికి ఎదురుగా, పచ్చగా, గోడలా లేచి నిలబడింది. ఇన్నాళ్లూ నా వీపు వెనక ఉన్నది ఇదన్నమాట.

ఆగస్టులో ఇరవై సెకన్లు. సెప్టెంబరు మొదట్లో నలభై. ఆ పైన కదల్లేదు. మోకాళ్లు వణికేవి, సరుకు పడవల తరంగాలు అడ్డం తగిలేవి.

ఆఖరి ఆదివారం వచ్చింది. మాస్కు కట్టుకుని ఫ్రావ్ వెంట్సెల్ ఒడ్డున నిలబడింది. ఒడ్డు నుంచి వంతెన కనబడదు, నది వంపు తిరుగుతుంది. పడవలో చూసే మనిషి మాటే సాక్ష్యం. ఒంటిగంట నుంచి మధ్యాహ్నపు నిశ్శబ్దం, ఆ తర్వాత ఇంజను వేయడానికి వీల్లేదు.

మొదటి రెండుసార్లూ సగంలో పడ్డాను. మూడోసారి బోయా దగ్గర తాడు విసిరేశాను. వంపు దాటాను. వంతెన నీడ నీళ్లమీద కనబడుతోంది. ఇదిగో, ఇంకొక్క సెకను, ఇంకొక్క సెకను అనుకుంటుండగా వెనక కాలు సడలింది. నీడకి ఇవతలే నీళ్లలో ఉన్నాను.

ఒడ్డుకొచ్చాం. ఫ్రావ్ వెంట్సెల్ ఫైలు తెరిచి మావారి వైపు చూసింది. "దాటిందా?"

మావారు పన్ను కాగితాల్లో ఆఫీసు దూరం పదిహేను కిలోమీటర్లుంటే పదహారని రాయని మనిషి.

"జా," అన్నారు. "దాటింది."

ఫ్రావ్ వెంట్సెల్ పెన్ను తీసింది.

"దాటలేదు," అన్నాను నేను.

"ఊరుకో లతా," అన్నారాయన తెలుగులో, పళ్లబిగువున. "నాలుగు మీటర్లు. ఎవరు కొలవొచ్చారు?"

"నేనే కొలిచానండీ. ముక్కుతో."

ఆయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. కోపం కాదు. ఏదో ఇద్దామని తెచ్చి, నేను పుచ్చుకోకపోతే ఎక్కడ పెట్టాలో తెలియని చూపు. అయిదు నెలలుగా వెనక్కి తిరిగి కూచున్న మనిషి అంత సులువుగా అబద్ధమాడలేదని నాకూ తెలుసు. చెయ్యి నొక్కి వదిలాను.

ఫ్రావ్ వెంట్సెల్ వాచీ చూసింది. "పన్నెండూ నలభై. ఒకసారికి టైముంది."

చేతులు తాడు పట్టుకునే స్థితిలో లేవు. కమలగారు ఇంజను వేస్తూ, "మోకాళ్లు వంచు. వంతెన చూడకు. నన్ను చూడు," అన్నారు.

చూశాను. పడవలో ఆవిడ తెల్లటి జుట్టు, పక్కన మావారి ముఖం. తాడు విసిరేశాను. అల వచ్చి బల్ల కింద కూచుంది. ముందుకి వాలితే ముందుకి తోసింది, వెనక్కి వాలితే ఆగింది. మందపాటి బల్ల, బరువు మోసే బల్ల. ఎక్కడా గింగిరాలు లేవు. ఒక్కటే గీత. వంపు వచ్చింది, పోయింది. తొడలు మండుతున్నాయి. మండనీ. ఏదో సరుకు పడవ తరంగం అడ్డం తగిలి బల్ల ఎగిరింది. పట్టు పోయిందనే అనుకున్నాను. కింద పెద్ద రెక్కలు నీళ్లని కరిచిపట్టుకుని మళ్లీ అల మీదికి తెచ్చాయి.

ఉన్నట్టుండి చల్లబడింది. తలెత్తితే ఇనప దూలాలు, వాటి సందుల్లోంచి ఆకాశం. మళ్లీ ఎండ. కమలగారు పడవ ఆపలేదు. నేనూ పడలేదు. తర్వాతి మలుపు దాకా వెళ్లాం.

ఒడ్డున ఈసారి ఫ్రావ్ వెంట్సెల్ మావారిని అడగలేదు. నన్నడిగింది. "దాటారా?"

"దాటాను."

ఫైల్లోంచి సభ్యత్వం కాగితం తీసి టేబులు మీద పెట్టింది. పైన రెండు గడులు. ఒకటి కుటుంబం, ఒకటి ఒక్కరు.

"ఫ్యామిలీ వేసేయ్, అందరికీ కలిసొస్తుంది," అన్నారు మావారు నా భుజం మీద తువ్వాలు కప్పుతూ.

నేను రెండో గడిలో ఇంటూ వేశాను.

ఆయన కాగితం తిప్పి వెనక్కీ ముందుకీ చూశారు. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో నా పేరున్న ప్రతి కాగితం మీదా ఆయన సంతకం కూడా ఉంటుంది. వీసాకి, ఇంటికి, బ్యాంకుకి. అలవాటుగా పెన్ను కోసం జేబు తడుముకుంటూ, "నేనెక్కడ పెట్టాలి?" అని అడిగారు.

"మీరు అక్కర్లేదు," అంది ఫ్రావ్ వెంట్సెల్ తలెత్తకుండా. కాగితం నా వైపు జరిపి, అడుగున ఒకే ఒక్క గీత చూపించింది.

చేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. సంతకం చివర అక్షరాలు అలుక్కుపోయాయి. మళ్లీ పెట్టమంటారా అని అడిగాను.

ఆవిడ కాగితం ఎత్తి వెలుగులో పట్టుకుని చూసింది.

"అక్కర్లేదు," అంది. "ఎవరిదో తెలుస్తోంది."